నాలుగు గంటల్లో చెరిగిపోయే సాక్ష్యం

చర్మం మీద దద్దుర్లు, కడుపులో మెలిపెట్టే నొప్పితో విరేచనాలు, ఉన్నట్టుండి ముఖం ఎర్రబడి గుండె దడదడలాడటం, ఒక్కోసారి రక్తపోటు పడిపోయి స్పృహ తప్పడం, ఇవన్నీ ఒకే మనిషికి విడివిడిగా, ఏళ్ల తరబడి వస్తూ పోతూ ఉంటే, ఆ మనిషి ఒక బాధకు చర్మవ్యాధి నిపుణుణ్ని, మరొక బాధకు జీర్ణకోశ వైద్యుణ్ని, ఇంకొక బాధకు గుండె వైద్యుణ్ని కలుస్తూ వచ్చి, చివరకు ఇదంతా ఆందోళన వల్లనేనన్న మాట విని ఇంటికి చేరడం మాస్ట్ కణాల వ్యాధుల్లో తరచుగా కనిపించే క్రమం. ఇన్ని పరీక్షల్లో ఏ లోపమూ బయటపడకపోవడానికి కారణం వైద్యుల అశ్రద్ధ ఒక్కటే కాదు. ఈ వ్యాధి తాను వచ్చివెళ్లిన ఆనవాలును రక్తంలో కొన్ని గంటలకు మించి నిలవనివ్వదు, ఆ గంటల్లో రక్తం తీసి పరీక్షించాలన్న సంగతి అత్యవసర విభాగాల్లో పనిచేసేవారిలో కూడా చాలామందికి అలవాటులో లేదు. ఈ రెండు కారణాలు కలిసి రోగిని ఏళ్లకొద్దీ పేరులేని బాధలో ఉంచుతున్నాయి.

మాస్ట్ కణం ఎముక మజ్జలో పుట్టి, పూర్తిగా ఎదగకముందే రక్తంలోకి వచ్చి, అక్కడి నుంచి చర్మానికి, శ్వాసనాళాలకు, పేగుల లోపలి పొరకు, రక్తనాళాల, నరాల పరిసరాలకు చేరి, ఆయా చోట్లనే పరిపక్వమయ్యే రోగనిరోధక కణం. దాని లోపల సన్నని రేణువులు కిక్కిరిసి ఉంటాయి. హిస్టమిన్, రక్తాన్ని గడ్డకట్టనివ్వని హెపారిన్, ట్రిప్టేజ్ అనే ఎంజైము ఆ రేణువుల్లో ముందుగానే తయారై నిల్వ ఉంటాయి కాబట్టి, కణం ఉద్రేకానికి లోనైన కొద్ది నిమిషాల్లోనే అవి చుట్టుపక్కల కణజాలంలోకి వెలువడతాయి. ఆ వెంటనే ప్రోస్టాగ్లాండిన్ డి2, ల్యూకోట్రయీన్లు అనే కొవ్వు సంబంధమైన రసాయనాలు అప్పటికప్పుడు తయారవుతాయి, మరికొన్ని గంటలకు వాపును పొడిగించే సైటోకైన్లు విడుదలవుతాయి. చర్మంలో దురద, ఊపిరితిత్తుల్లో పిల్లికూతలు, పేగుల్లో విరేచనాలు, రక్తనాళాలు వ్యాకోచించి రక్తపోటు పడిపోవడం, ఇవన్నీ ఒకే మూలం నుంచి పుట్టిన లక్షణాలని గ్రహించడం రోగనిర్ణయంలో మొదటి మెట్టు.

ఈ కణాన్ని జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ 1878లో లీప్‌జిగ్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన వైద్య సిద్ధాంత వ్యాసంలో, అనిలిన్ రంగులు కణజాలానికి ఎలా పట్టుకుంటాయో పరిశీలిస్తూ వర్ణించాడు. అంతకు ముందే, 1869లో, రుద్దితే ఉబ్బే గోధుమరంగు మచ్చలున్న ఒక చిన్నారి గురించి లండన్ వైద్యుడు నెటిల్‌షిప్ రాశాడు గాని, ఆ మచ్చల్లో నిండి ఉన్నవి ఎర్లిక్ చూపించిన కణాలేనని జర్మన్ చర్మవైద్యుడు ఉన్నా 1887లో గుర్తించేదాకా ఈ రెండింటికీ సంబంధం ఉందని ఎవరికీ తెలియలేదు. చర్మంతో ఆగకుండా కాలేయం, ప్లీహం, మజ్జ వంటి అవయవాలకూ ఈ కణాలు వ్యాపిస్తాయని 1949లో ఒక శవపరీక్ష నివేదిక స్థిరపరిచింది. కారణం తెలియడానికి మరో నాలుగు దశాబ్దాలు పట్టింది.

మాస్ట్ కణాన్ని శత్రువుగా మాత్రమే చూడటం పొరపాటు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2006లో సైన్స్ పత్రికలో ప్రచురించిన పరిశోధనలో, మాస్ట్ కణాలున్న ఎలుకలు పాము విషాన్ని, తేనెటీగ విషాన్ని తట్టుకోగా, ఆ కణాలు లేని ఎలుకలు తట్టుకోలేకపోయాయి. రేణువుల్లోని కార్బాక్సీపెప్టిడేజ్ అనే ఎంజైము విషంలోని ప్రోటీన్లను ముక్కలు చేయగలగడమే ఇందుకు ముఖ్య కారణమని వారు చూపారు. శరీరానికి ఇంత అవసరమైన కణాన్ని పూర్తిగా తుడిచిపెట్టే మందు కోసం వెదకడం కాక, దాని విపరీత ఉద్రేకాన్ని అదుపు చేయడమే చికిత్స లక్ష్యం కావడానికి ఇదొక కారణం.

ఉద్రేకానికి దారులు కూడా ఒకటి కాదు. వేరుశనగో రొయ్యో పడని మనిషిలో ఐజీఈ అనే ప్రతిరక్షక ప్రోటీను మాస్ట్ కణం ఉపరితలాన్ని అంటుకుని ఉండి, ఆ పదార్థం తగలగానే కణాన్ని ప్రేరేపిస్తుంది. ఇది అందరికీ తెలిసిన అలర్జీ. ఐజీఈతో ఏ సంబంధమూ లేకుండా వేడి, చలి, చర్మం మీద రాపిడి, తీవ్ర వ్యాయామం, మద్యం, జ్వరం, మానసిక ఒత్తిడి, కొన్ని నొప్పి మాత్రలు కూడా అదే పని చేయగలవు. మార్ఫిన్, వాంకోమైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందులు, శస్త్రచికిత్సల్లో వాడే కొన్ని కండర సడలింపు మందులు ఎంఆర్‌జీపీఆర్‌ఎక్స్2 అనే వేరొక గ్రాహకం ద్వారా మాస్ట్ కణాన్ని సూటిగా ప్రేరేపిస్తాయని 2015లో నేచర్ పత్రికలో వెలువడిన పరిశోధన, ఆ తరువాత వచ్చినవి కలిసి తేల్చాయి. చర్మం మీద చుక్కలు వేసి గుచ్చి చూసే అలర్జీ పరీక్షలో ఏమీ తేలలేదు కాబట్టి రోగికి జబ్బే లేదని నిర్ధారించడం ఎంత తొందరపాటో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఒకే కణం, వేర్వేరు వ్యాధులు

మాస్ట్ కణాల వ్యాధుల్లో స్పష్టమైన నిర్వచనం ఉన్నది మాస్టోసైటోసిస్. అసాధారణమైన మాస్ట్ కణాలు ఒకే పూర్వకణం నుంచి పుట్టుకొచ్చి చర్మంలోనో, మజ్జలోనో, ఇతర అవయవాల్లోనో పోగుపడటాన్ని ఈ పేరుతో పిలుస్తారు. పిల్లల్లో ఇది ఎక్కువగా రెండేళ్లలోపే గోధుమరంగు మచ్చలుగా మొదలవుతుంది. మచ్చను కాస్త రుద్దితే నిమిషాల్లో అది ఎర్రబడి ఉబ్బుతుంది, ఫ్రెంచ్ చర్మవైద్యుడి పేరుమీద దీన్ని డారియె సంకేతం అంటారు. చాలామంది పిల్లల్లో యౌవనం వచ్చేసరికి ఈ మచ్చలు తగ్గిపోతాయి, అందువల్ల తల్లిదండ్రులను భయపెట్టకుండా సంగతి వివరించి చెప్పడమే అక్కడ సగం వైద్యం. పెద్దవారిలో మొదలైన మాస్టోసైటోసిస్ తీరు వేరు. అది సాధారణంగా మజ్జలో కూడా ఉంటుంది, దానంతటది పోదు, పదిమందిలో తొమ్మిదిమందికి పైగా రోగుల్లో కిట్ అనే జన్యువులో డి816వి అనే ఒక్క మార్పు కనిపిస్తుంది. కిట్ అనేది మాస్ట్ కణానికి పెరుగు, బతుకు అని చెప్పే గ్రాహకం. ఈ మార్పు వచ్చాక బయటి నుంచి ఆదేశం అందకపోయినా ఆ గ్రాహకం నిరంతరం పనిచేస్తూనే ఉంటుంది. 1990ల మధ్యలో తెలిసిన ఈ సంగతే ఇప్పటి కొత్త మందులన్నింటికీ ఆధారం.

2000లో వియన్నాలో సమావేశమైన నిపుణులు రూపొందించగా, ఆ మరుసటి సంవత్సరం ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో చేరిన ప్రమాణాల ప్రకారం, మజ్జలోనో మరో అంతర్గత అవయవంలోనో 15కు తగ్గకుండా మాస్ట్ కణాలు గుంపులుగా పలుచోట్ల కనబడటం ప్రధాన లక్షణం. కణాల ఆకారం కదురులా సాగి ఉండటం, వాటి మీద సీడీ25 వంటి గుర్తులు కనిపించడం, కిట్ మార్పు ఉండటం, బాధలేని రోజున కూడా ట్రిప్టేజ్ మిల్లీలీటరుకు 20 నానోగ్రాములకు మించడం ఉప లక్షణాలు. ప్రధాన లక్షణంతోపాటు ఒక ఉప లక్షణం గాని, లేదా మూడు ఉప లక్షణాలు గాని ఉంటే సిస్టమిక్ మాస్టోసైటోసిస్‌గా నిర్ధారిస్తారు.

ఈ పేరు వినగానే రోగి అడిగే మొదటి ప్రశ్న ఆయుర్దాయం గురించి కాబట్టి, దానికి జవాబు వ్యాధి రకాన్నిబట్టి ఎంత మారుతుందో తెలియడం అవసరం. అమెరికాలోని మేయో క్లినిక్ 2009లో 342 మంది పెద్దల వివరాలను విశ్లేషించినప్పుడు, నెమ్మది రకం ఉన్నవారి ఆయుర్దాయం సాధారణ జనాభాకు దగ్గరగా ఉండగా, అవయవాలను దెబ్బతీసే ఉధృత రకంలో మధ్యస్థ జీవితకాలం 41 నెలలుగా, అత్యంత అరుదైన మాస్ట్ కణ రక్తక్యాన్సర్‌లో అంతకంటే ఎంతో తక్కువగా తేలింది. ఇవి కొత్త మందులు రాకముందటి లెక్కలు. రోగుల్లో అధిక భాగం నెమ్మది రకానికే చెందుతారు, అయితే ప్రాణానికి ముప్పు తక్కువ కావడం వేరు, రోజు సాఫీగా గడవడం వేరు అన్న సంగతిని ఆ మాటతో కొట్టివేయకూడదు.

నెమ్మది రకం దాగి ఉండే చోట్లు రెండున్నాయి, ఆ రెండింటినీ వైద్యులు తరచుగా దాటవేస్తారు. మొదటిది ఎముక. నడివయసు పురుషుడికి బరువెత్తినందుకో చిన్న జారుపాటుకో వెన్నుపూస విరిగి, ఎముకలు గుల్లబారి ఉన్నాయని తేలితే, మాస్ట్ కణాల నుంచి వెలువడే రసాయనాలు ఎముకను కరిగిస్తున్నాయేమోనని అనుమానించడం అరుదు. రెండోది కందిరీగ, తేనెటీగ కాట్లు. కుట్టిన కొద్దిసేపటికే దద్దుర్లు లేకుండా, దురద లేకుండా, సూటిగా స్పృహ తప్పి పడిపోయిన మనిషిని విషం పడలేదని మాత్రమే చెప్పి పంపించేస్తారు. ఇటలీ వైద్యులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో ఇలాంటి కీటకాల కాటుకు ఒళ్లంతా ప్రతిచర్య వచ్చిన 379 మందిలో 44 మందికి ట్రిప్టేజ్ మామూలు హద్దు దాటి ఉంది. వారిలో మజ్జ పరీక్షకు ఒప్పుకున్న 34 మందిలో 30 మందికి మాస్ట్ కణాల వ్యాధి బయటపడింది. తేనెపట్టు రేగి మనుషులు ఆసుపత్రి పాలవడం తెలుగు పల్లెల్లో కొత్త సంగతి కాదు కాబట్టి, అలా పడిపోయి బతికి బయటపడిన ప్రతి మనిషికీ కోలుకున్న తరువాత ఒక ట్రిప్టేజ్ పరీక్ష చేయించడం న్యాయమైన కోరిక.

వీటికి తోడు, ట్రిప్టేజ్ తయారు చేసే టీపీఎస్‌ఏబీ1 జన్యువు ప్రతులు వంశపారంపర్యంగా అదనంగా ఉండటం వల్ల రక్తంలో ట్రిప్టేజ్ ఎప్పుడూ ఎక్కువగా ఉండే స్థితిని 2016లో అమెరికా పరిశోధకులు వివరించారు. పాశ్చాత్య దేశాల జనాభాలో నూటికి నలుగురి నుంచి ఆరుగురి దాకా ఇది ఉందని అంచనా. ఇది ఉన్న చాలామందికి ఏ బాధా ఉండదు, అందువల్ల ట్రిప్టేజ్ అంకె ఎక్కువ ఉన్నంత మాత్రాన క్యాన్సర్ భయంతో మజ్జ తీయించుకోవడం, అంకె కనిపించింది కదా అని ప్రతి లక్షణాన్నీ దానికే అంటగట్టడం, రెండూ తప్పుదారులే.

రక్తం తీయవలసిన వేళ

ఉద్రేకం మొదలైన గంట, గంటన్నరకు రక్తంలో ట్రిప్టేజ్ గరిష్ఠానికి చేరుతుంది, ఆపై దాదాపు ప్రతి రెండు గంటలకు సగమవుతూ పోతుంది. కాబట్టి లక్షణాలు మొదలైన నాలుగు గంటల్లోపు ఒకసారి, పూర్తిగా కోలుకుని కనీసం 24 గంటలు గడిచాక మరొకసారి రక్తం తీసి, రెండు అంకెలను పోల్చాలి. మామూలు రోజు అంకెకు దానిలో ఐదో వంతు, ఆపైన మరో 2 నానోగ్రాములు కలిపితే వచ్చే మొత్తాన్ని బాధ వచ్చినప్పటి అంకె అందుకోవాలి. మామూలు రోజున 5 ఉన్న మనిషికి బాధ వచ్చిన వేళ 8 గాని అంతకుమించి గాని ఉంటే మాస్ట్ కణాలు నిజంగా ఉద్రేకించాయన్నమాట. ఇందులో గమనించదగ్గ విశేషమేమంటే, ప్రయోగశాలల నివేదికలపై సాధారణ హద్దుగా ముద్రించే 11.4 కంటే ఆ 8 తక్కువ. ఒక్క నమూనానే చూసిన వైద్యుడు అంతా మామూలుగానే ఉందని రాసిచ్చేస్తాడు, నిజానికి రోగనిర్ణయం ఆ రెండు అంకెల మధ్య తేడాలో ఉంది.

కొందరిలో ట్రిప్టేజ్ పెద్దగా పెరగకపోవచ్చు. అటువంటి చోట మూత్రంలో ఎన్-మిథైల్ హిస్టమిన్‌ను, ప్రోస్టాగ్లాండిన్ డి2 విచ్ఛిన్నమై ఏర్పడే పదార్థాన్ని, ల్యూకోట్రయీన్ ఈ4ను కొలవడం ఉపయోగపడుతుంది. సూటిగా హిస్టమిన్‌ను కొలవడం వల్ల ప్రయోజనం తక్కువ, ఎందుకంటే అది రక్తంలో నిమిషాల్లోనే మాయమవుతుంది. కిట్ డి816వి మార్పును వెదకడంలోనూ ఒక చిక్కుంది. రక్తంలో మార్పుచెందిన కణాలు చాలా తక్కువగా ఉండే నెమ్మది రకంలో, క్యాన్సర్ల కోసం ఒకేసారి అనేక జన్యువులను చదివే సాధారణ పరీక్ష దాన్ని పట్టుకోలేకపోవచ్చు. ఆ ఒక్క మార్పు కోసమే రూపొందించిన అతి సున్నితమైన పీసీఆర్ పరీక్ష కావాలి, ఆ మాట వైద్యుడు చీటీ మీద విడిగా రాయాలి.

పేరు చుట్టూ ఉన్న వివాదం

మజ్జలో అసాధారణ కణాలు లేకుండానే, ఏ ఒక్క అలర్జీ కారణమూ దొరకకుండానే, మాస్ట్ కణాలు పదేపదే ఉద్రేకించే స్థితికి 2010 నుంచి మాస్ట్ కణ ఉద్రేక లక్షణ సముదాయం అనే పేరు స్థిరపడింది. దీన్ని నిర్ధారించడానికి నిపుణుల బృందాలు మూడు షరతులు పెట్టాయి. కనీసం రెండు అవయవ వ్యవస్థల్లో, ఉండి ఉండి వచ్చే తీవ్ర లక్షణాలు ఉండాలి, ఆ వేళల్లో మాస్ట్ కణ రసాయనాలు పెరిగినట్టు కొలత చూపాలి, ఆ రసాయనాలను అడ్డుకునే మందులతో బాధ తగ్గాలి. ఈ మూడూ కలిస్తేనే ఆ పేరు. మరొక వర్గం వైద్యులు ఈ షరతులు మరీ కఠినమని, దీర్ఘకాలిక అలసట, మెదడు మబ్బుపట్టినట్టుండటం, ఒళ్లునొప్పులు వంటివి కూడా చేర్చాలని వాదిస్తూ 2020లో తమ సొంత ప్రమాణాలను ప్రకటించారు. ఆ దారిలోనే జర్మనీలో జరిగిన ఒక అధ్యయనం, జనాభాలో నూటికి 17 మందికి ఏదో ఒక స్థాయిలో ఈ వ్యాధి ఉండవచ్చని అంచనా కట్టింది.

వివాదంలో రెండు పక్షాల వెనకా నిజమైన బాధ ఉన్నందువల్ల దీన్ని తేలిగ్గా తేల్చేయడం తగదు. అయినా మొదటి పక్షం వాదమే బలమైనదిగా కనిపిస్తుంది. ఆరుగురిలో ఒకరికి ఉందని చెప్పే వ్యాధి నిర్వచనం దాదాపు ఏ లక్షణాన్నైనా ఇముడ్చుకోగలదు, అంత వెడల్పైన పేరు కింద అసలు కారణం దాగిపోతుంది. ముఖం ఎర్రబడటం, విరేచనాలు పేగులో పెరిగే కార్సినాయిడ్ కణితి వల్ల కావచ్చు. గుండెదడ, చెమటలు అడ్రినల్ గ్రంథి కణితి వల్ల కావచ్చు. దురద లేకుండా పదేపదే ముఖం, పెదవులు ఉబ్బడం వంశపారంపర్య వాపు వ్యాధి కావచ్చు, దానికి హిస్టమిన్‌ను అడ్డుకునే మందులు పనిచేయవు. లేచి నిలబడగానే గుండె వేగం పెరిగే పాట్స్ అనే స్థితిని, కీళ్లు అతిగా వంగే ఎలర్స్-డాన్లాస్ వ్యాధిని మాస్ట్ కణాలతో ముడిపెట్టే వాదన బాగా ప్రచారంలో ఉంది గాని, ఆ మూడింటి మధ్య కార్యకారణ సంబంధం ఇంకా రుజువు కాలేదు. కొలత లేకుండా పేరు పెట్టించుకున్న మనిషి తన అసలు వ్యాధికి చికిత్స జరగవలసిన కాలాన్ని పోగొట్టుకుంటాడు.

అయితే కొలత దొరకలేదన్న కారణంతో రోగిని ఖాళీ చేతులతో పంపడం అంతకంటే పెద్ద అన్యాయం. ప్రమాణాలు పరిశోధన కోసం, ఖచ్చితమైన పేరు కోసం ఏర్పడ్డాయి, ఉపశమనాన్ని నిరాకరించడానికి కాదు. అనుమానం సహేతుకమైనప్పుడు, ఇతర వ్యాధులను తోసిపుచ్చే పరీక్షలు నడుస్తుండగానే, ప్రమాదం తక్కువ ఉన్న మందులతో కొన్ని వారాల ప్రయోగాత్మక చికిత్స మొదలుపెట్టడానికి అభ్యంతరం ఉండకూడదు.

మందుల మధ్య తూకం

ఆ చికిత్సకు పునాది నిద్రమత్తు తక్కువ కలిగించే యాంటీ హిస్టమిన్ మాత్రలు, అంటే సెటిరిజిన్, లెవోసెటిరిజిన్, ఫెక్సోఫెనడిన్, బిలాస్టిన్ వంటివి. దద్దుర్లు వచ్చినప్పుడు ఒక మాత్ర వేసుకుని మానేయడం కాక రోజూ క్రమంగా వాడాలి, అవసరమైతే వైద్యుడి పర్యవేక్షణలో మామూలు మోతాదుకు నాలుగు రెట్ల దాకా పెంచవచ్చు. కడుపులో మంట, నొప్పి ఉన్నవారికి హిస్టమిన్‌కు చెందిన రెండో రకం గ్రాహకాన్ని అడ్డుకునే ఫామోటిడిన్ కలుపుతారు. పేగు లక్షణాలకు మాస్ట్ కణాన్ని నిలకడగా ఉంచే క్రోమోలిన్ సోడియంను నోటి ద్వారా ఇస్తారు. అది రక్తంలోకి చాలా కొద్దిగానే వెళుతుంది కాబట్టి ప్రమాదం తక్కువ, ఫలితం తెలియడానికి మాత్రం వారాలు పడుతుంది. పిల్లల ఉబ్బసానికి మన దేశంలో చిరకాలంగా వాడుతున్న కీటోటిఫెన్ హిస్టమిన్‌ను అడ్డుకోవడం, మాస్ట్ కణాన్ని నిలకడగా ఉంచడం అనే రెండు విధాలా పనిచేస్తుంది, కానీ మగతను, ఆకలిని పెంచుతుంది.

మాంటెలుకాస్ట్ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ల్యూకోట్రయీన్లను అడ్డుకునే ఈ మందు లెవోసెటిరిజిన్‌తో కలిపిన ఒకే మాత్రగా ఇక్కడ ప్రతి మందుల షాపులోనూ దొరుకుతుంది, జలుబుకు సైతం చీటీ లేకుండానే చేతిలో పెడతారు. నిద్రాభంగం, చిరాకు, దిగులు, ఆత్మహత్య ఆలోచనలు కలిగే ప్రమాదం దృష్ట్యా 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనికి తన అత్యంత తీవ్రమైన హెచ్చరికను జోడించింది. దిగులు మాస్ట్ కణాల వ్యాధుల్లో స్వతహాగానే ఎక్కువ కాబట్టి, ఆ దిగులు జబ్బుదా మందుదా అన్నది కనిపెట్టాలంటే మాత్ర మొదలుపెట్టిన తేదీ ఇంట్లో ఒకరికైనా తెలిసి ఉండాలి. ఆస్పిరిన్ ఇంకా విచిత్రమైనది. ప్రోస్టాగ్లాండిన్ డి2 ఎక్కువగా తయారయ్యే కొందరిలో అది ముఖం ఎర్రబడటాన్ని అద్భుతంగా తగ్గిస్తుంది, మరికొందరిలో అదే ప్రాణాంతకమైన ప్రతిచర్యను రేపుతుంది, అందువల్ల దాన్ని ఆసుపత్రిలో వైద్యుడి ఎదుటే మొదలుపెట్టాలి. స్టెరాయిడ్లు తీవ్రమైన కొద్ది రోజులకు పనికొస్తాయి, నెలల తరబడి వాడితే ఇప్పటికే ప్రమాదంలో ఉన్న ఎముకలను మరింత గుల్ల చేస్తాయి.

ఈ మందులన్నీ ఒకేసారి రాసిచ్చే అలవాటు రోగికి మేలు చేయదు. ఏది పనిచేసిందో తెలియదు, ఏది పడలేదో తెలియదు. ఒక మందును చేర్చి, రెండు నుంచి నాలుగు వారాలు లక్షణాలను రోజువారీగా రాసుకుని, ఫలితం లేకపోతే ఆపి, తరువాతిదానికి వెళ్లడం నెమ్మదిగా సాగే దారే అయినా నిజాయితీ గలది. కొందరికి మాత్రలోని రంగో, మాత్రను గట్టిగా పట్టి ఉంచే పదార్థమో పడదు, కంపెనీ మార్చితే బాధ తగ్గడానికి ఒక్కోసారి అదే కారణం.

ఈ మాత్రలతో అదుపు కానివారికి, ముఖ్యంగా పదేపదే అనాఫిలాక్సిస్ అనే ప్రాణాంతక ప్రతిచర్య వచ్చేవారికి, ఐజీఈని బంధించే ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్ మంచి ఎంపిక. అది అధికారికంగా ఉబ్బసం, దీర్ఘకాలిక దద్దుర్లు వంటివాటికి అనుమతి పొందిందే గాని మాస్ట్ కణాల వ్యాధులకు కాదు, అయినా అనాఫిలాక్సిస్ దాడులను తగ్గించినట్టు అనేక నివేదికలున్నాయి. ఖర్చు మాత్రం సామాన్య కుటుంబానికి నెలనెలా భారమవుతుంది.

కిట్ గ్రాహకాన్నే అడ్డుకునే మందుల దగ్గర తూకం మరింత క్లిష్టమవుతుంది. 2006లో అనుమతి పొందిన ఇమాటినిబ్, డి816వి మార్పు ఉన్న గ్రాహకానికి అతుక్కోలేదు కాబట్టి, ఆ మార్పు లేని కొద్దిమందికే ఉపయోగం. 2017లో వచ్చిన మిడోస్టారిన్ ఉధృత రకాల్లో, పరిశీలించిన 89 మందిలో నూటికి 60 మందికి మేలు చేసింది, వికారం, వాంతులు మాత్రం చాలామందిని బాధించాయి. 2021లో ఉధృత రకాలకు, 2023 మే నెలలో నెమ్మది రకానికి అమెరికాలో అనుమతి పొందిన అవాప్రిటినిబ్ సూటిగా డి816వి మార్పునే లక్ష్యం చేసుకుంటుంది. ఉధృత రకంలో ప్రాణం కోసం తీసుకునే నిర్ణయం తేలిక. మెదడులో రక్తస్రావం ప్రమాదం కారణంగా ప్లేట్‌లెట్లు 50,000 కంటే తక్కువ ఉన్నవారికి దాన్ని సిఫారసు చేయరు, మిగతావారికి అది ఆశాజనకమే.

నెమ్మది రకంలో మాత్రం ఆయుర్దాయం తగ్గని మనిషి, జీవన నాణ్యత కోసం ఏళ్ల తరబడి క్యాన్సర్ తరహా మందు వాడాలా అన్నది ప్రశ్న. ఆ అనుమతికి ఆధారమైన ప్రయోగంలో 212 మంది పాల్గొన్నారు. 11 లక్షణాలకు ఒక్కోదానికి 10 చొప్పున 110 మార్కుల కొలమానం మీద, రోజుకు 25 మిల్లీగ్రాముల మందు తీసుకున్నవారి బాధ 24 వారాల్లో సగటున 15.6 మార్కులు తగ్గగా, మందులేని మాత్ర తీసుకున్నవారిలో 9.2 మార్కులు తగ్గింది. తేడా నిజమైనదే, గణితపరంగా నిలబడిందే, ట్రిప్టేజ్ సగానికి పడిపోయినవారు మందు వర్గంలో ఎంతో ఎక్కువ. కానీ సగటున ఆ మందు సొంతంగా ఇచ్చిన ఉపశమనం ఆరున్నర మార్కుల లోపే. తీవ్రంగా బాధపడుతూ మిగతా మందులన్నీ విఫలమైన మనిషికి అది విలువైనదే, రెండు మాత్రలతో రోజు గడుస్తున్న మనిషికి కాకపోవచ్చు. ఖాళీ మాత్రతో 9 మార్కులు తగ్గాయంటే బాధ కల్పితమని కాదు. వైద్యుడు క్రమం తప్పకుండా చూడటం, బాధను అడిగి రాసుకోవడం, దాడులు సహజంగా ఎగుడుదిగుడుగా రావడం, ఇవన్నీ అందులో కలిసి ఉన్నాయి. సామాజిక మాధ్యమాల్లో ఏదో ఒక ఆకు కషాయమో, విటమినో, ప్రత్యేక ఆహారమో తమకు పూర్తిగా నయం చేసిందని చెప్పే సాక్ష్యాలను తూచడానికి ఈ అంకె మంచి రాయి.

లక్షణాలతో సంబంధం లేకుండా చేయవలసిన చికిత్సలు కొన్ని ఉన్నాయి. ఎముక సాంద్రత కొలిపించి, అవసరమైతే జోలెడ్రోనిక్ ఆమ్లం వంటి మందు వాడటం ఒకటి. కీటకాల కాటుకు ప్రాణాపాయం వచ్చిన మాస్టోసైటోసిస్ రోగులకు ఆ విషాన్నే అతి తక్కువ మోతాదుల్లో ఇచ్చి అలవాటు చేసే చికిత్స మరొకటి. మామూలువారిలో దాన్ని కొన్నేళ్లకు ఆపుతారు, వీరిలో జీవితాంతం కొనసాగించమని నిపుణులు చెబుతారు, ఎందుకంటే ఆపిన తరువాత కాటుకు మరణించిన సందర్భాలు నమోదయ్యాయి.

రోజు గడిచే తీరు

వేసవిలో రెంటచింతలలో, రామగుండంలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే నేలమీద వేడి పడని జబ్బుతో బతకడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు. ఎండలో పొలానికో బస్సు కోసమో వెళ్లక తప్పని వారికి చల్లని గదిలో ఉండమన్న సలహా ఎందుకూ పనికిరాదు, పనివేళలు మార్చుకోవడం, ఎండన పడే ముందే మాత్ర వేసుకోవడం, వేన్నీళ్ల స్నానం మానడం వంటి చేయగలిగినవే చెప్పాలి.

ఆహారం విషయంలో తెలుగిళ్లలో వంకాయ పడదు, గోంగూర పడదు అనే మాట అనుభవం నుంచి వచ్చినదే. వంకాయ, టమాటా, పాలకూరల్లో హిస్టమిన్ కొంత ఎక్కువగా ఉంటుంది, సరిగ్గా మంచులో ఉంచని వంజరం వంటి చేపల్లో బ్యాక్టీరియా తయారు చేసే హిస్టమిన్ ఎంత ఉడికించినా పోదు. అయినా తక్కువ హిస్టమిన్ ఆహారం అందరికీ పనిచేస్తుందన్న ఆధారం బలహీనం. పెద్ద జాబితా చూసి ఒకటొకటిగా మానుకుంటూ అన్నం, మజ్జిగలకు దిగజారిన రోగి బలహీనపడటం తప్ప మరేమీ సాధించడు. మూడు, నాలుగు వారాలు అనుమానమున్నవి మానేసి, ఆ తరువాత ఒక్కొక్కటిగా తిరిగి తినిచూసి, నిజంగా పడనివాటినే వదలడం సరైన పద్ధతి.

నొప్పికి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ అడిగి మరీ వేయించుకునే అలవాటు మన ప్రాంతాల్లో బలంగా ఉంది, మాస్ట్ కణాల వ్యాధి ఉన్నవారికి ఇది పరీక్షించకుండా తీసుకోవడం ప్రమాదకరం. పారాసెటమాల్ సాధారణంగా సురక్షితం. శస్త్రచికిత్సకు వెళ్లేముందు మత్తు వైద్యుడికి వ్యాధి పేరు, మామూలు రోజు ట్రిప్టేజ్ అంకె, గతంలో పడని మందుల పేర్లు రాసిన కాగితం ఇవ్వాలి. వ్యాధి ఉందని శస్త్రచికిత్సలు మానుకోనక్కరలేదు, ముందస్తు మందులతో, మార్ఫిన్‌కు బదులు ఫెంటానిల్ వంటివి ఎంచుకుని క్షేమంగా చేయవచ్చు. రక్తపోటుకు బీటా బ్లాకర్ మాత్రలు వాడుతున్నవారిలో అడ్రినలిన్ సరిగ్గా పనిచేయకపోవచ్చు కాబట్టి, వేరే మందుకు మారే అవకాశం గురించి వైద్యుణ్ని అడగాలి, సొంతంగా మాత్రం ఆపకూడదు.

అన్నిటికంటే అత్యవసరమైనది అడ్రినలిన్. ఒళ్లంతా దద్దుర్లతో, ఆయాసంతో, తూలిపోతూ వచ్చిన రోగికి పల్లెల్లోనూ చిన్న పట్టణాల్లోనూ మొదట అందేది సాధారణంగా అవిల్ అనే యాంటీ హిస్టమిన్, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు. అవిల్ దురదను తగ్గిస్తుందే గాని పడిపోయిన రక్తపోటును లేపదు, స్టెరాయిడ్ పనిచేయడానికి గంటలు పడుతుంది. ప్రాణం నిలిపే మందు తొడ వెలుపలి కండరంలో ఇచ్చే అడ్రినలిన్ ఒక్కటే. బరువులో ప్రతి కిలోకు 0.01 మిల్లీగ్రాము చొప్పున, పెద్దలకు 0.5 మిల్లీగ్రాములకు మించకుండా ఇస్తారు, ఐదు పది నిమిషాల్లో తేరుకోకపోతే మళ్లీ ఇస్తారు. ఈలోగా రోగిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి ఉంచాలి, ఆయాసం ఎక్కువైతే ఆనుకుని కూర్చోనివ్వాలి, నడిపించి ఆటో ఎక్కించడం ప్రాణాంతకం కావచ్చు, ఎందుకంటే నాళాలు వదులైన వేళ నిలబడితే గుండెకు తిరిగివచ్చే రక్తం ఒక్కసారిగా తగ్గిపోతుంది. తొడకు ఆనించి నొక్కితే చాలునన్న సిద్ధ సూదులు విదేశాల్లో మామూలే గాని ఇక్కడ అంత తేలిగ్గా దొరకవు, కాబట్టి ముప్పు ఉన్న కుటుంబం వైద్యుడి చీటీతో అడ్రినలిన్ ఆంప్యూళ్లు, సిరంజిలు ఇంట్లో ఉంచుకుని, ఎంత తీయాలో సిరంజి మీద గీత పెట్టించుకుని, ఎలా గుచ్చాలో నర్సు దగ్గర చేసి చూపించి నేర్చుకోవాలి. వేడికి, వెలుతురుకు ఆ మందు చెడిపోతుంది. మోటారు సైకిల్ పెట్టెలోనో, ఎండలో నిలిపిన కారులోనో ఉంచకూడదు, గులాబీ లేదా గోధుమరంగుకు తిరిగిన ఆంప్యూల్‌ను గడువు మిగిలి ఉన్నా పారేసి కొత్తది తెచ్చుకోవాలి.